గగనంలో మాటే ప్రాణం... ‘నాలుగో స్థాయి’ మన పిల్లలకు అందేనా?

రామకుప్పం: కుప్పం నియోజకవర్గంలో విమానాశ్రయం మాట మళ్లీ వినిపిస్తోంది. రామకుప్పం, శాంతిపురం మండలాల సరిహద్దు గ్రామాల్లో ప్రతిపాదించిన ఈ విమానాశ్రయానికి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు 2019 జనవరిలో శంకుస్థాపన చేసిన సంగతి విదితమే. ఆ తర్వాత పనులు ముందుకు సాగలేదు. 2024లో ప్రభుత్వం మారాక ప్రతిపాదన దస్త్రాల్లోంచి మళ్లీ బయటికి వచ్చింది. భూమి ఎంత పోతుంది, పరిహారం ఎంత వస్తుంది, సాగు పోతే బతుకు ఎలా అన్న ప్రశ్నలు రచ్చబండల వద్ద నలుగుతున్నాయి. వాటి సరసనే మరో ప్రశ్న కూడా వినవస్తోంది. విమానాశ్రయం వస్తే మా పిల్లలకు ఉద్యోగాలు వస్తాయా అన్నదే ఆ ప్రశ్న.

విమానాశ్రయాల్లో కొలువులు రెండు తీరులు. కాపలా, పారిశుద్ధ్యం, సామాను మోత, వాహనాల నిర్వహణ వంటివి ఒక తీరు. స్థానికులకు ముందుగా దక్కేవి ఇవే. ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో ఉండేవీ ఇవే. పైలట్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, విమాన నిర్వహణ ఇంజినీరు వంటివి రెండో తీరు. జీతం, హోదా, ఉద్యోగ భద్రత ఉన్నవి ఇవి. ఈ రెండింటి నడుమ చదువు, డబ్బు గోడలా నిలుస్తాయన్నది అందరికీ తెలిసిందే. ఆ గోడకు మూడో వరుస కూడా ఉంది. అదే భాషా సామర్థ్య పరీక్ష. దీని గురించి ఈ ప్రాంతంలో చర్చే లేదు. పరీక్ష ఎందుకు వచ్చింది, అందులో నిజంగా కొలిచేది ఏమిటి అన్నది తెలిస్తే తెలుగు మాధ్యమంలో చదివిన పల్లె పిల్లలు ముందే వెనకడుగు వేయనక్కర్లేదని స్పష్టమవుతుంది. అయితే తెలుసుకోవాల్సింది పిల్లలు మాత్రమే కాదు, వారికి చదువు చెప్పే వ్యవస్థ కూడా.

చర్ఖీ దాద్రీ విషాదం

ఈ పరీక్షకు మూలం మన దేశపు ఆకాశంలోనే ఉంది. 1996 నవంబరు 12 సాయంత్రం ఢిల్లీ నుంచి సౌదీ అరేబియాలోని దహ్రాన్‌కు బయలుదేరిన సౌదీ బోయింగ్ 747 విమానం, కజకస్థాన్ నుంచి ఢిల్లీకి దిగుతున్న ఇల్యూషిన్-76 విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద గాలిలోనే ఢీకొన్నాయి. రెండింటిలోని 349 మందీ ప్రాణాలు కోల్పోయారు. పొట్ట చేత పట్టుకుని గల్ఫ్‌కు వెళ్తున్న భారతీయులు మృతుల్లో పెద్దసంఖ్యలో ఉన్నారు. గాలిలో రెండు విమానాలు ఢీకొన్న దుర్ఘటనల్లో ప్రపంచంలోనే ఇది అతి పెద్దది.

సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల వద్ద, కజక్ విమానాన్ని 15 వేల అడుగుల వద్ద ఉండాలని ఢిల్లీ కంట్రోలర్ ఆదేశించారు. ఎదురుగా మరో విమానం వస్తోందని కూడా హెచ్చరించారు. అయినప్పటికీ కజక్ విమానం తనకు కేటాయించిన ఎత్తు కంటే కిందికి దిగింది. జస్టిస్ ఆర్.సి.లాహోటి ఆధ్వర్యంలో జరిగిన విచారణ ఇదే ప్రమాద కారణమని తేల్చింది. కజక్ సిబ్బందికి ఆంగ్ల పరిజ్ఞానం చాలకపోవడం వల్ల కంట్రోలర్ మాటలను తప్పుగా అర్థం చేసుకోవడం ఇందుకు దోహదపడిందని పేర్కొంది. ఆ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడే పని రేడియో ఆపరేటర్‌ది. అంటే నడిపేవారు ఒకరు, మాట్లాడేవారు మరొకరు. విన్న మాట చేతికి చేరేలోపే అనర్థం జరిగిపోయింది.

ఢిల్లీలో ఆనాడు ఉన్న రాడార్ విమానం ఎక్కడుందో చూపేదే తప్ప ఎంత ఎత్తులో ఉందో చూపలేకపోయేది. రాకపోకలకు ఒకే మార్గం ఉండేది. ప్రమాదం తర్వాత ఈ లోపాలను సరిదిద్దారు. ఢీకొనే ముప్పును పైలట్‌కు ముందే తెలిపే పరికరాన్ని విమానాల్లో తప్పనిసరి చేశారు. యంత్రాలను మార్చడం కొంత తేలిక. ప్రపంచవ్యాప్తంగా మనుషులు మాట్లాడే తీరును మార్చడానికి మాత్రం మరో పుష్కర కాలం పట్టింది.

అంతకుముందే రెండు హెచ్చరికలు

భాష వల్ల ముప్పు అప్పటికి కొత్తేమీ కాదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో రన్‌వేపైనే రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. దట్టమైన పొగమంచులో డచ్ సంస్థ కేఎల్ఎం విమానం, అనుమతి రాకముందే పైకి లేచేందుకు పరుగు మొదలుపెట్టింది. ‘మేమిప్పుడు టేకాఫ్ వద్ద ఉన్నాం’ అన్న అర్థం వచ్చే మాట కాక్‌పిట్ నుంచి వెళ్లింది. టేకాఫ్ అయ్యే చోట సిద్ధంగా నిలిచి ఉన్నారని కంట్రోలర్ అనుకున్నారు. ‘ఓకే’ అన్నారు. నిజానికి విమానం అప్పటికే కదులుతోంది. ఆగమని కంట్రోలర్ ఆ వెంటనే చెప్పిన మాట, అదే క్షణంలో మరో విమానం మాట్లాడటంతో రేడియో గోలలో కలిసిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పైలట్లకు ఆంగ్లం రాకపోవడం అంటూ లేదు. వచ్చిన ఆంగ్లంలోకే మాతృభాష నుడికారం తొంగిచూసింది. తెలుగువారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఇంటి నుంచి బయటికి వెళ్తూ మనం ‘వస్తాను’ అంటాం. ఇంకా గడప దాటకుండానే ఫోన్లో ‘వస్తున్నా’ అంటాం. వచ్చే వారం ప్రయాణానికీ ‘వస్తున్నాం’ అనే చెబుతాం. ‘సరే’ అన్న ఒక్క మాటకు విన్నాననీ, ఒప్పుకున్నాననీ, ఇక వదిలేయమనీ సందర్భాన్ని బట్టి అర్థాలు మారతాయి. ఎదుటి మనిషి ముఖం కనబడుతుంటే ఇబ్బంది లేదు. ముఖం కనబడని రేడియోలో ఇటువంటి మాటే ప్రాణాంతకం కాగలదు. టెనెరిఫ్ తర్వాత టేకాఫ్ అన్న పదాన్ని ఆ అనుమతిని ఇచ్చేటప్పుడు, దాన్ని తిరిగి అప్పజెప్పేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదని నియమం వచ్చింది. మిగతా సందర్భాలన్నింటిలో డిపార్చర్ అనాలి.

రెండో హెచ్చరిక 1990 జనవరి 25న న్యూయార్క్ సమీపంలో ఎదురైంది. కొలంబియాకు చెందిన ఏవియాంకా విమానం వాతావరణం బాగోలేక గంటకు పైగా గాలిలోనే తిరిగి ఇంధనం అయిపోయి కూలింది. 158 మందిలో 73 మంది మృతిచెందారు. ఇంధనం తగ్గిపోతోందని సిబ్బంది చెప్పారు. తమకు ప్రాధాన్యం కావాలనీ అడిగారు. కానీ అత్యవసర పరిస్థితి అని ప్రకటించాల్సిన మాటను, మేడే అన్న పిలుపును మాత్రం వాడలేదు. ప్రాధాన్యం అన్న మాటలో కంట్రోలర్లకు ప్రాణాపాయం వినిపించలేదు. అడిగినవారి దృష్టిలో అది ఆఖరి మాట, విన్నవారి దృష్టిలో మామూలు విన్నపం.

349 ప్రాణాలు పోయాక కదలిక

అంతర్జాతీయ విమానయాన రేడియో సంభాషణకు ఆంగ్లం వాడాలన్న సిఫారసు 1951 నుంచే ఉంది. ఎంత ఆంగ్లం రావాలన్న కొలత మాత్రం లేకపోయింది. ఐకావోగా వ్యవహరించే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 32వ మహాసభ 1998లో ఈ అంశాన్ని చేపట్టింది. చర్ఖీ దాద్రీ మృతుల సంఖ్యను ప్రస్తావిస్తూ ఇటువంటి ప్రమాదాలే ఆ నిర్ణయానికి కారణమని ఆ సంస్థ తన మార్గదర్శక గ్రంథంలో రాసుకుంది. 2003 మార్చిలో నిబంధనలు ఆమోదం పొందాయి. 2008 మార్చి 5 నుంచి అమలులోకి రావలసి ఉండగా పలు దేశాలు సిద్ధంగా లేకపోవడంతో 2011 మార్చి 5 వరకు వెసులుబాటు ఇచ్చారు. అప్పటి నుంచి అంతర్జాతీయ గగనతలంలో ఎగిరే పైలట్, వారితో మాట్లాడే కంట్రోలర్ తమ లైసెన్సుపై భాషా స్థాయిని నమోదు చేయించుకోవలసిందే.

ఆంగ్లమొక్కటే అనుమతించిన భాష అని అనేకులు భావిస్తుంటారు. అది సరికాదు. నేలమీది కేంద్రం మామూలుగా వాడే భాషలోనైనా మాట్లాడవచ్చని నిబంధన చెబుతోంది. ఫ్రాన్సులో ఫ్రెంచిలోనూ, స్పెయిన్‌లో స్పానిష్‌లోనూ సంభాషణలు సాగుతాయి. అయితే అంతర్జాతీయ విమానాలు వచ్చే కేంద్రాల్లో ఎవరు అడిగినా ఆంగ్లంలో బదులివ్వగలగాలి. ఇన్ని భాషలున్న మన దేశంలో మాత్రం గగనతల సంభాషణ ఆంగ్లంలోనే నడుస్తోంది.

ఆరు స్థాయిలు, ఆరు కొలతలు

పరీక్షలో స్థాయిలు ఆరు. మొదటిది దాదాపు ఏమీ రాని దశ. ఆరోది నిపుణ దశ. ఉద్యోగానికి కనీస అర్హత నాలుగో స్థాయి. దాన్ని సాధించినవారు మూడేళ్లకోసారి, అయిదో స్థాయివారు ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్షకు కూర్చోవాలన్నది ఐకావో సిఫారసు. ఆరో స్థాయికి తిరిగి పరీక్ష లేదు.

ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధారాళత, గ్రహింపు, సంభాషణ నిర్వహణ అనే ఆరు అంశాలను విడివిడిగా కొలుస్తారు. సగటు తీయరు. అన్నింటిలోకి తక్కువ వచ్చిన స్థాయే అభ్యర్థి స్థాయి. అయిదింటిలో అయిదో స్థాయి వచ్చి గ్రహింపులో మూడే వస్తే ఫలితం మూడు. గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెంలోనే తెలుస్తుందన్నది ఇందులోని తర్కం.

నాలుగో స్థాయికి ఐకావో ఇచ్చిన వివరణ మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది. ఉచ్చారణపై మాతృభాష ప్రభావం ఉండవచ్చు, అది అర్థానికి ఎప్పుడో తప్ప అడ్డు రాకూడదు. వ్యాకరణ దోషాలు దొర్లవచ్చు, భావం మాత్రం చెడకూడదు. సరైన పదం తట్టనప్పుడు ఉన్న పదాలతోనే విడమరచి చెప్పగలగాలి. అనుకోని సంఘటన ఎదురైనప్పుడు అర్థం చేసుకోవడం కొంత ఆలస్యం కావచ్చు, కానీ సందేహాన్ని అడిగి తీర్చుకోగలగాలి. పొరపాటు పడ్డామని అనుమానం వస్తే సరిచూసుకుని ధ్రువపరచుకోవాలి.

దొరల ఉచ్చారణ కావాలని ఇందులో ఎక్కడా లేదు. సామెతలు, అలంకారాలు, వేగం అక్కర్లేదు. స్పష్టంగా చెప్పడం, జాగ్రత్తగా వినడం, తెలియనప్పుడు అడగడం అన్న మూడు గుణాలే పరీక్ష సారాంశం.

ఊ కొడితే కుదరదు

రేడియోలో రెండు రకాల భాష నడుస్తుంది. మొదటిది ముందే నిర్ణయించిన పదజాలం. రోజర్ అంటే మీరు చెప్పినదంతా అందిందని మాత్రమే అర్థం. ఒప్పుకున్నానని కాదు. విల్‌కో అంటే అర్థమైంది, ఆ ప్రకారం చేస్తానని. అంకెలనూ ప్రత్యేకంగా పలకాలి. మూడును ట్రీ అని, అయిదును ఫైఫ్ అని, తొమ్మిదిని నైనర్ అని అంటారు. ఫైవ్, నైన్ అన్న మాటలు గోలలో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఈ ఏర్పాటు. టమాటా వేలంపాటల సందడిలో ఇరవై, అరవై ఒకటిగా వినబడితే ఎంత నష్టమో మదనపల్లె మార్కెట్ ఎరిగిన రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. అక్షరాలకూ ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ పేర్లున్నాయి.

ఎత్తు, దిశ, రన్‌వే సంఖ్య వంటి కీలక ఆదేశాలను విన్నవారు వెంటనే తిరిగి అప్పజెప్పాలి. చెప్పినవారు దాన్ని విని సరిచూడాలి. కథ వింటూ ఊ కొట్టినట్లు ఊ కొడితే ఇక్కడ చెల్లదు.

రెండోది మామూలు ఆంగ్లం. ఇంజిన్‌లో పక్షి పడింది, ప్రయాణికుడికి గుండెపోటు వచ్చింది, రన్‌వేపై పశువులున్నాయి... ఇటువంటి సందర్భాలకు కంఠస్థం చేసిన పదజాలం చాలదు. అప్పుడు సొంత మాటల్లో, సూటిగా, కంగారు లేకుండా చెప్పాలి. భాషా సామర్థ్య పరీక్ష పుట్టిందే దీన్ని కొలవడానికి. బట్టీ పట్టినవారు తడబడేదీ ఇక్కడే.

తెలుగు యాస అడ్డంకి కాదు, అలవాటు అడ్డంకి

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు చేర్చి లెఫ్టు, రైటు, బస్సు అనడం మనకు సహజం. ఆంగ్లంలో వేర్వేరుగా ఉండే రెండు వకారాలు మన నోట ఒకటవుతాయి. ఎఫ్, ఎం వంటి అక్షరాల ముందు యకారం వచ్చి చేరుతుంది. ఇవన్నీ కొద్ది నెలల సాధనతో అదుపులోకి వచ్చేవే. వీటిని పూర్తిగా పోగొట్టుకోవాలన్న నియమమూ లేదు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల నుంచి వెళ్లిన తెలుగువారు పైలట్లుగా, కంట్రోలర్లుగా రాణిస్తూనే ఉన్నారు.

అసలు అడ్డంకి వేరే ఉంది. అర్థం కానప్పుడు ‘మళ్లీ చెప్పండి’ అనడానికి మన తరగతి గదుల్లో పిల్లలు జంకుతారు. పెద్దలను ఎదురు ప్రశ్నించడం అవిధేయతగా భావించే వాతావరణంలో పెరిగినవారు అర్థం కాకపోయినా తల ఊపుతారు. గగనతలంలో ఈ వినయమే అపాయం. ‘సే అగైన్’ అని అడగడం అక్కడ హక్కు మాత్రమే కాదు, విధి. అడగనివారికే మార్కులు పోతాయి.

కుప్పం ప్రాంతానికి ఈ విషయంలో ఒక సానుకూలత ఉందని చెప్పకతప్పదు. మూడు రాష్ట్రాల కూడలిలో పెరిగే పిల్లలు ఇంట తెలుగు, సంతలో తమిళం, కోలారు వైపు బంధువులతో కన్నడం మాట్లాడటం ఇక్కడ మామూలే. ఎదుటివారి భాషను బట్టి మాట మార్చుకోవడం, రాని పదానికి ఉన్న పదాలతో సర్దుకోవడం, అర్థమైందో లేదో ముఖం చూసి తెలుసుకోవడం వారికి బడి నేర్పని విద్య. నాలుగో స్థాయి కోరే నేర్పులో సగం ఇదే. మిగిలిన సగం ఆంగ్లంలో నోరు తెరిచి మాట్లాడే అవకాశం. అది దొరకడం లేదు.

పరీక్షకూ పరీక్ష కావాలి

ఈ వ్యవస్థలో లోపాలు లేకపోలేదు. పరీక్షను ఎలా నిర్వహించాలన్నది ఐకావో ఆయా దేశాలకే విడిచిపెట్టింది. ఫలితంగా ఒక దేశపు నాలుగో స్థాయి, మరో దేశపు నాలుగో స్థాయి సమానమని చెప్పలేని పరిస్థితి ఏర్పడింది. దీన్ని గుర్తించి, పరీక్షల నాణ్యతను పరిశీలించి ఆమోదముద్ర వేసే ఏర్పాటును ఐకావో ఆ తర్వాత చేపట్టింది. ముందే తెలిసిన ప్రశ్నలు, వల్లె వేసిన జవాబులతో పరీక్ష ముగిస్తే కాగితంపై స్థాయి పెరుగుతుంది తప్ప ఆకాశంలో భద్రత పెరగదు.

రెండో లోపం ఇంకా సూక్ష్మమైనది. ఆంగ్లం మాతృభాషగా ఉన్నవారు సాధారణంగా ఆరో స్థాయి పొందుతారు. వారికి మళ్లీ పరీక్ష ఉండదు. కానీ వేగంగా, యాసతో, వాడుక నుడికారాలతో మాట్లాడే కంట్రోలర్ కూడా అపార్థానికి కారకుడు కావచ్చు. ఏవియాంకా ఉదంతంలో న్యూయార్క్ కంట్రోలర్లకు ఆంగ్లం రాక కాదు. వినిపించిన మాట వెనుక ఉన్న ఆపదను ఎవరూ అడిగి తెలుసుకోలేదు. అర్థం చేసుకునే భారం బలహీనంగా మాట్లాడేవారి మీదే మోపడం న్యాయం కాదు. నెమ్మదిగా, తేలిక మాటల్లో మాట్లాడాలని మాతృభాషీయులకు ఐకావో మార్గదర్శకాలు సూచిస్తున్నా, దాన్ని కొలిచే కొలబద్ద మాత్రం బలంగా లేదు.

మన ముందున్న దారులు

దేశీయ విమానయాన సంస్థలు 2023లో భారీ కొనుగోళ్లకు ఒప్పందాలు చేసుకున్నాయి. ఇండిగో 500 విమానాలకు, ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. రాబోయే 15-20 ఏళ్లలో 30 వేల మంది పైలట్లు అవసరమవుతారని కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు 2025లో చెప్పారు. అవకాశాలకు కొదవ లేదన్నమాట. అందుకునే దారులేమిటన్నదే ప్రశ్న.

వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటల విమాన చోదనం, రాత పరీక్షలు, వైద్య పరీక్షలు ఉంటాయి. వీటితోపాటు ఆర్‌టీఆర్ అనే రేడియో లైసెన్సు కావాలి. ఇందులో రాతతోపాటు మౌఖిక పరీక్ష ఉంటుంది. ఒక ఊహాత్మక ప్రయాణంలో కంట్రోలర్‌తో ఎలా మాట్లాడతారో అభ్యర్థి చేసి చూపాలి. దశాబ్దాలపాటు కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించిన ఈ బాధ్యతను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌కు, అంటే డీజీసీఏకు అప్పగించేందుకు 2025 జనవరి 1న అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్-2024 వీలు కల్పించింది. లైసెన్సుపై భాషా స్థాయి నమోదు దీనికి అదనం. మొత్తం శిక్షణకు అయ్యే ఖర్చు అరకోటి రూపాయలకు తక్కువ కాదు. రెండెకరాల రైతు కుటుంబానికి ఇది అందని పండే.

అందే పండు మరొకటుంది. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ జూనియర్ ఎగ్జిక్యూటివ్ హోదాలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను నియమిస్తుంది. భౌతికశాస్త్రం, గణితం చదివిన బీఎస్సీ పట్టభద్రులు, ఇంజినీరింగ్ పూర్తిచేసినవారు ఇందుకు అర్హులు. గరిష్ఠ వయస్సు 27 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. పదో తరగతి లేదా ఇంటర్‌లో ఆంగ్లం ఒక పాఠ్యాంశంగా ఉత్తీర్ణులైతే చాలు. రాత పరీక్ష తర్వాత స్వర పరీక్ష నిర్వహిస్తారు. ఎంపికైనవారికి శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ప్రయాగ్‌రాజ్‌లోని కళాశాలతోపాటు హైదరాబాద్ బేగంపేట కేంద్రం కూడా ఉంది. లక్షలు కట్టనక్కర్లేదు. కుప్పం, పుంగనూరు, మదనపల్లె డిగ్రీ కళాశాలల్లో గణితం, భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థులు ఈ ఉద్యోగానికి కాగితం మీద పూర్తిగా అర్హులే. ఇటువంటి ఉద్యోగం ఉందని వారిలో ఎందరికి తెలుసు అన్నదే సందేహం.

నేలమీద పనిచేసే ఇంజినీర్లకూ భాష తప్పదు. విమాన మరమ్మతు పుస్తకాలు ఆంగ్లంలో ఉంటాయి. వాటిని చదివి, అర్థం చేసుకుని, చేసిన పనిని రాసి సంతకం చేయాలి. చదివేవారిలో అత్యధికులు ఆంగ్లం మాతృభాషగా లేనివారేనని గుర్తించి తయారీదారులు సరళీకృత సాంకేతిక ఆంగ్లాన్ని రూపొందించుకున్నారు. ఒక మాటకు ఒకే అర్థం అన్నది అందులో ప్రధాన సూత్రం. ఫాల్ అన్న క్రియకు పైనుంచి కిందపడటం అన్న అర్థమే ఉంటుంది. పీడనం తగ్గిందని చెప్పడానికి ఆ మాట వాడరాదు. పరిమితమైన పదాలతో, చిన్న వాక్యాలతో నడిచే ఈ ఆంగ్లాన్ని పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులు నేర్వడం అసాధ్యమేమీ కాదు.

రన్‌వే కంటే ముందు వేయాల్సిన బాట

ఆంగ్ల బోధనపై రాష్ట్రంలో చర్చంతా మాధ్యమం చుట్టూనే తిరిగింది. ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో ఉత్తర్వు వెలువడటం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేయడం తెలిసిందే. ఏ మాధ్యమమైనా పాఠం ఆంగ్ల లిపిలో చదివినంత మాత్రాన నోరు తిరగదు. వినడం, మాట్లాడటం అన్నవి వేరుగా సాధన చేయాల్సిన విద్యలు. పొరుగున తెలంగాణ 2023-24 నుంచి ఇంటర్ ఆంగ్లంలో 20 మార్కులకు ప్రయోగ పరీక్షను ప్రవేశపెట్టింది. మార్కులు ఉంటేనే బోధన ఉంటుందన్న మన అనుభవాన్ని బట్టి చూస్తే ఇది ఆలోచించదగిన మార్గం.

భాషల కోసమే పుట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి కుప్పంలోనే ఉంది. ప్రతిపాదిత విమానాశ్రయానికి అది కూతవేటు దూరమనే అనుకోవాలి. మాతృభాష ప్రభావం పరభాష ఉచ్చారణపై ఎలా పడుతుందన్నది భాషాశాస్త్రవేత్తలకు కరతలామలకం. తెలుగు, తమిళ, కన్నడ మాతృభాషలుగా ఉన్న విద్యార్థులకు ఎక్కడెక్కడ చిక్కులు వస్తాయో గుర్తించి, గగనతల ఆంగ్లానికి ఒక స్వల్పకాలిక కోర్సు రూపొందించడం ఆ సంస్థకు తలకు మించిన భారం కాబోదు. విశ్రాంత కంట్రోలర్లు, వైమానిక దళం నుంచి పదవీ విరమణ చేసినవారు రెండు గంటల దూరంలోని బెంగళూరులో ఎందరో ఉన్నారు. వారిని వారాంతాల్లో రప్పించి పాఠాలు చెప్పించవచ్చు.

ఇందుకు విమానాశ్రయం పూర్తయ్యే వరకు ఆగనక్కర్లేదు. నిజానికి ఆగకూడదు. రన్‌వే వేయడానికి మూడేళ్లు పడితే బీఎస్సీ పూర్తి చేయడానికీ అంతే కాలం పడుతుంది. ఈ ఏడాది ఇంటర్ ముగించే పిల్లలే ఆనాటి అభ్యర్థులు. భూసేకరణ ఒప్పందాల్లో ఉద్యోగ హామీ గురించి మాట్లాడే అధికారులు, ప్రజాప్రతినిధులు ఏ ఉద్యోగం, దానికి ఏ అర్హత, ఆ అర్హతకు ఏ శిక్షణ అన్నది విడమరచి చెప్పాలి. భూమి ఇచ్చే కుటుంబాల పిల్లలకు ఆ శిక్షణను ఉచితంగా అందించాలన్న షరతును పరిహారంతోపాటే కాగితంపై పెట్టించుకోవాలి. హామీ అన్న మాటకు కూడా రేడియోలోలాగే ఒకే అర్థం ఉండాలి. చెప్పినవారు ఒకటి అనుకుని, విన్నవారు మరొకటి అనుకుంటే నష్టపోయేది ఎప్పుడూ విన్నవారే.

కంట్రోల్ టవర్ ఎక్కే మెట్లలో నాలుగో స్థాయి మరీ ఎత్తయినదేమీ కాదు. వినడం, స్పష్టంగా చెప్పడం, అర్థం కాకుంటే జంకు లేకుండా అడగడం వస్తే చాలు. రామకుప్పం రైతులు ఈ మూడో గుణాన్ని భూసేకరణ గ్రామసభల్లోనే మొదలుపెట్టడం మేలు. ఎన్ని ఉద్యోగాలు అన్న ప్రశ్నతో ఆగకుండా ఏ ఉద్యోగాలు, ఎవరు నేర్పుతారు, ఎప్పటి నుంచి అని అడగాలి. జవాబు అర్థమయ్యే వరకు అడుగుతూనే ఉండాలి.